ఎండిన బోరు మోటరుకు నాలుగు సార్లు రిపేరు: మన పంచాయతీ లెక్క ఎవరు చూస్తరు?



పత్తి ఏరుడు నడుస్తున్నది, పగలు టైం దొరుకుతలేదు. మూడు రాత్రులు కూసొని ఈ పోస్టు రాసిన. పొడుగ్గనే ఉన్నది, ఓపికతోని చదవండి. ఇది పంట సంగతి కాదు, పైసల సంగతి. మన జేబుల ఉండే పైసలు కాదు, మన పంచాయతీ ఖాతాల ఉండే పైసలు.

ముందుగాల నా తప్పు చెప్పుకుంట. 2006 ఎన్నికల్లో నేను మా ఊళ్ళె వార్డు మెంబర్‌గా గెలిచిన. ఇంటర్ చదివినోడు, నాలుగు అక్షరాలు తెలిసినోడు అని మా వాడోళ్ళు నిలబెట్టిన్రు. మీటింగుకు పోయేది, చాయ్ తాగేది, తీర్మానం బుక్కు ముందల పెడితే సంతకం పెట్టేది. ఒక్కనాడు చదివింది లేదు. రెండేండ్ల తర్వాత పంచాయతీకి ఆడిట్ అభ్యంతరాల కాయితం వచ్చింది. అందుల ఒక పేరా మా వాడ బోరు గురించి. ఒక్క ఏడాదిల ఆ బోరు మోటరుకు నాలుగు సార్లు వైండింగ్ చేయించినట్టు బిల్లులున్నయి. ఆడిటర్ పెట్టిన అభ్యంతరం ఏందంటే, కొటేషన్లు జతచేయలేదు, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించలేదు. అంతే.

అసలు సంగతి వేరే ఉన్నది. ఆ ఏడాది ఆ బోరుల చుక్క నీళ్ళు లేవు. ముందటి ఎండకాలంలనే అది ఎండిపోయింది. మా వాడకు ట్యాంకర్ నీళ్ళే దిక్కు. నడవని మోటరు నాలుగు సార్లు ఎట్ల కాలుతది? ఈ ముచ్చట మా వాడల చిన్న పిల్లగాన్ని అడిగినా చెప్తడు. మండల ఆఫీసుల కూసొని ఓచర్లు తిరగేసిన ఆడిటర్‌కు మాత్రం తెల్వదు. ఆయనను తప్పు పట్టను. ఆయన ముందల ఉన్నది కాయితం, బోరు కాదు.

ఆ సంగతి బయటపడ్డనాడు మా వాడ అవ్వ ఒకామె ట్యాంకర్ కాడ బిందె పట్టుకొని నన్ను అడిగింది: "బిడ్డా, చదువుకున్నోనివని నీకు ఓటేస్తిమి. చదవకుండనే సంతకం పెడితివా?" నా దగ్గర జవాబు లేదు. పైసలు ఎవరు తిన్నరో ఈడ రాయను. నా సంతకం ఉన్న తీర్మానం లేకుంటే ఆ బిల్లు కదిలేది కాదు, అది మాత్రం రాస్త. మా టైం 2011ల అయిపోయింది. ఆ అభ్యంతరం కాయితం మీదనే ఉండిపోయింది. నేను మళ్ళ నిలబడలేదు.

అప్పటినుంచి ఒక్కటే పట్టుకున్న. ఊరి లెక్క ఎవరు చూస్తరు? ఎట్ల చూస్తరు? ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది? చదివి తెలుసుకున్నది మీ ముందల పెడుతున్న.

పట్వారీ దస్త్రం

నిజాం కాలంల ఊరి లెక్క అంటే పట్వారీ దస్త్రమే. ఊరికి మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ ఉండేది. వంశపారంపర్యం ఉద్యోగాలు, తండ్రి పోతే కొడుకు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ జిల్లాలు, తాలూకాలు ఏర్పాటు చేసి, శిస్తు వసూలును సర్కారు నౌకర్ల చేతికి తెచ్చిండు. ఊరి కాడ మాత్రం కలం పట్వారీ చేతిలనే ఉన్నది. ఏ సర్వే నంబర్‌ల ఎవరున్నరు, ఏ పంట ఏసిన్రు, ఎంత బాకీ ఉన్నరు, అన్నీ పహాణీల ఎక్కేది ఆయన రాస్తేనే.

ఆ లెక్కకు కూడ తనిఖీ ఉండేది. ఏడాదికోసారి జమాబందీ. ఊరి దస్త్రాలు పై అధికారుల ముందల పెట్టి, శిస్తు ఎంత రావాలె, ఎంత వచ్చింది అని తేల్చేది. ఒక రకంగా అది కూడ ఆడిటే. కాని ఎవరి కోసం? సర్కారుకు రావలసిన దాంట్ల తక్కువ పడ్డదా అని చూసేందుకు. రైతు కాడ ఎక్కువ గుంజిన్రా అని చూసేందుకు కాదు. పై ఆఫీసుల భాష ఉర్దూ. మన తాతలకు ఆ దస్త్రం చూపెట్టినా చదవరాదు, అసలు చూపెట్టేది కూడ లేదు.

1946 నుంచి 51 దాక మన నల్లగొండల సాయుధ పోరాటం నడిచినప్పుడు, జనం గడీల మీదికి పోయి అప్పు పత్రాలు, దస్త్రాలు కాలబెట్టిన్రు. మా పెద్దలు ఆ ముచ్చట చెప్తుంటే చిన్నప్పుడు కథలెక్క విన్న. ఇప్పుడు ఆలోచిస్తే వేరే తీరు అర్థమైతున్నది. తమ పేరు మీదనే రాసిన లెక్కను తాము చదివే హక్కు లేనప్పుడు, దాన్ని కాలబెట్టుడు తప్ప వాళ్ళకు వేరే తొవ్వ కనపడలేదు.

పటేల్, పట్వారీ ఉద్యోగాలు 1984 జనవరిల ఎన్టీ రామారావు సర్కారు ఆర్డినెన్స్ తెచ్చి రద్దు చేసింది. దాని మీద కేసులు సుప్రీంకోర్టు దాక పోయినయి, 1985లో కోర్టు రద్దు సరైనదే అన్నది.

షాద్‌నగర్ నుంచి మొదలైంది

పంచాయతీ లెక్క వేరే దారిల వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంల 1956లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ ఊరికి, తాలూకాకు, జిల్లాకు ఎన్నికైన సభలు ఉండాలని చెప్పింది. 1959 అక్టోబర్‌ల నెహ్రూ మన పాలమూరు జిల్లా షాద్‌నగర్‌కు వచ్చి పంచాయతీ సమితిని ప్రారంభించిండు. ఈ రోజు షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాల ఉన్నది గాని, అప్పుడు మనదే. 1964లో ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ కలిపి ఒకే గ్రామ పంచాయతీల చట్టం చేసిన్రు.

ఇంటి పన్ను, నల్లా పన్ను, సంత వేలం, లైసెన్స్ ఫీజులు పంచాయతీ సొంత ఆదాయం. మిగతాది సర్కారు గ్రాంటు. ఈ పైసలను చూసే శాఖకు పాత పేరు లోకల్ ఫండ్ ఆడిట్. మన పంచాయతీ సెక్రటరీలు ఇప్పటికీ అదే పేరుతోని పిలుస్తరు. 1989లో స్టేట్ ఆడిట్ చట్టం వచ్చింది, శాఖకు రాష్ట్ర ఆడిట్ శాఖ అని పేరు వచ్చింది. ఈ పద్ధతికి మూలం ఇంగ్లండ్‌ల ఉన్నది. పేదల సాయం కోసం ఊర్ల పన్ను వసూలు చేసి ఖర్చు పెట్టే బోర్డుల లెక్కలు చూసేందుకు 1844లో అక్కడ జిల్లా ఆడిటర్లను పెట్టిన్రు. ఊరోళ్ళు పన్ను కడుతరు, ఊరి పెద్దలు ఖర్చు పెడుతరు, బయటి మనిషి వచ్చి చూస్తడు. ఇదే సూత్రం.

ఇప్పుడు ఆడిటర్ ఏం చూస్తడో చెప్త, ఎందుకంటే మనల చాలమందికి ఇది తెల్వదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాక ఒక ఏడాది లెక్క. క్యాష్ బుక్కుల రాసిన ప్రతి ఖర్చుకు ఓచర్ ఉన్నదా? దానికి తీర్మానం ఉన్నదా? పని చేస్తే ఎంబీ బుక్కుల కొలతలు ఎక్కినయా? సామాను కొంటే స్టాక్ రిజిస్టర్‌ల ఉన్నదా? డిమాండ్ రిజిస్టర్ ప్రకారం ఇంటి పన్ను ఎంత రావాలె, రసీదు బుక్కుల ప్రకారం ఎంత వచ్చింది, వచ్చింది ఖాతాల జమ అయ్యిందా? క్యాష్ బుక్కుల ఉన్న నిల్వ, బ్యాంకుల గాని ట్రెజరీల గాని ఉన్న నిల్వ ఒక్కటేనా? తేడా ఉంటే అభ్యంతరం రాస్తరు. పంచాయతీ జవాబు ఇయ్యాలె. జవాబు సరిపోతే పేరా కొట్టేస్తరు. నష్టం జరిగిందని తేలితే బాధ్యుల కాడ వసూలు చేసేందుకు సర్‌చార్జ్ అనే పద్ధతి ఉన్నది.

చూడండి, పద్ధతి మంచిదే. కాని మా బోరు బిల్లును ఈ జల్లెడల పోస్తే ఏమైంది? ఓచర్ ఉన్నది. తీర్మానం ఉన్నది, నా సంతకంతో సహా. క్యాష్ బుక్కుల ఎక్కింది. చెక్కు పాస్ అయ్యింది. కొటేషన్ ఒక్కటి పెట్టి ఉంటే ఆ అభ్యంతరం కూడ సగం పోయేది. కాయితాలన్నీ సక్కగున్నయి, బోరుల నీళ్ళే లేవు.

పైసలు పెరిగినకొద్దీ

1993 ఏప్రిల్ 24 నుంచి 73వ రాజ్యాంగ సవరణ అమలుకు వచ్చింది. అందుల 243-జె అని ఒక చిన్న అధికరణం ఉన్నది. పంచాయతీలు లెక్కలు ఎట్ల రాయాలె, ఆ లెక్కలను ఎట్ల ఆడిట్ చేయాలె అనే దాని మీద రాష్ట్రం చట్టం చేయవచ్చు అని అందుల ఉన్నది. చేయాలె అని లేదు, చేయవచ్చు అని ఉన్నది. అట్ల ఈ బాధ్యత రాష్ట్రాల మీదికి వచ్చింది.

ఢిల్లీ నుంచి ఊర్లకు పైసలు పెరిగినకొద్దీ లెక్క గురించి పట్టింపు కూడ పెరిగింది. 2000 నుంచి 2005 దాక నడిచిన 11వ ఆర్థిక సంఘం, పంచాయతీల లెక్కలకు, ఆడిట్‌కు కాగ్ సాంకేతిక మార్గదర్శకం, పర్యవేక్షణ ఉండాలన్నది. 2015 నుంచి 14వ ఆర్థిక సంఘం పైసలు నేరుగ గ్రామ పంచాయతీలకే ఇచ్చింది. అందుల నూటికి పది వంతులు పనితీరు గ్రాంటు. ఆడిట్ అయిన లెక్క చూపెట్టి, సొంత ఆదాయం పెంచుకుంటేనే అది వస్తది. 15వ ఆర్థిక సంఘం ఇంకా గట్టిగ బిగించింది: ముందటి ఏడాది తాత్కాలిక లెక్క, అంతకు ముందటి ఏడాది ఆడిట్ అయిన లెక్క, రెండూ ఆన్‌లైన్‌ల జనానికి కనపడాలె, లేకుంటే గ్రాంటు లేదు.

2020 ఏప్రిల్‌ల ఈ-గ్రామ్‌స్వరాజ్, ఆడిట్ ఆన్‌లైన్ అనేవి మొదలైనయి. మన రాష్ట్రంల 12,700కు పైగా గ్రామ పంచాయతీలు ఉన్నయి. ఈ ఆన్‌లైన్ ఆడిట్‌ల తెలంగాణ దేశంల ముందు వరసల నిలబడ్డది. ఇది మన ఆడిట్ శాఖోళ్ళు, పంచాయతీ సెక్రటరీలు పడ్డ కష్టమే, ఆ మాట ఒప్పుకోవాలె. ఇప్పుడు మీ చేతిల ఉన్న ఫోన్‌లనే మీ ఊరి ఖర్చు చూడొచ్చు. మన తాతలకు పట్వారీ దస్త్రం కనపడలేదు. మనకు కనపడుతున్నది. మరి మనం చూస్తున్నమా?

పెద్ద ఆడిట్ కంపెనీలు వస్తే బాగుపడుతదా?

కొంతమంది అంటరు: "సర్కారు ఆడిట్ ఎందుకు, ప్రైవేట్ చార్టర్డ్ అకౌంటెంట్లకు ఇస్తే అన్నీ బయటపడుతయి." వాళ్ళు మన దగ్గర ఇప్పటికే ఉన్నరు. 1949 చట్టంతోని ఏర్పడ్డ వృత్తి అది. ఉపాధి హామీ నిధుల లెక్కకు ఏటా వాళ్ళ సర్టిఫికెట్ కావాలె. 2004లో దేశమంతటి మున్సిపాలిటీల కోసం డబుల్ ఎంట్రీ లెక్కల పుస్తకం తయారైనాక, పట్నాల లెక్కలు రాసేందుకు కూడ వాళ్ళ సాయం తీసుకుంటున్నరు. పనితనం ఉన్నోళ్ళే. కాని పేరు పెద్దదైతే సరిపోదని చెప్పేందుకు రెండు సంగతులు చెప్త.

ఒకటి మన హైదరాబాద్‌ది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తానే లెటర్ రాసి ఒప్పుకున్నడు. పుస్తకాలల్ల చూపెట్టిన నగదు, బ్యాంకు నిల్వల్ల 5 వేల కోట్లకు పైగా అసలు లేనే లేవు. ఆ లెక్కలు ఏండ్ల తరబడి ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్, ప్రపంచంల పెద్ద పేరు. బ్యాంకుల నిజంగ ఉన్నయా అని బ్యాంకునే నేరుగ, గట్టిగ అడిగి ఉంటే ఒక్క ఏడాదిల తేలిపోయే సంగతి. 2015లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన పది మందిల ఇద్దరు ఆడిటర్లు. వాళ్ళు అప్పీలుకు పోయిన్రు.

రెండోది అమెరికాది, ఇది అచ్చంగ మనలాంటి స్థానిక సంస్థ ముచ్చట. ఇల్లినాయ్ రాష్ట్రంల డిక్సన్ అని చిన్న పట్నం, జనాభా 16 వేల లోపు. చుట్టూ మక్కజొన్న చేన్లు. ఆ పట్నం ఖజానా చూసే ఆమె రీటా క్రండ్‌వెల్. 1990 డిసెంబర్‌ల ఆమె పట్నం పేరు మీద బ్యాంకుల ఒక దొంగ ఖాతా తెరిచింది, మురికి కాలువల నిధి అన్నట్టు పేరు పెట్టింది. రాష్ట్ర సర్కారు పంపినట్టు దొంగ బిల్లులు తయారుచేసి, పట్నం పైసలు ఆ ఖాతాలకు మళ్ళిచ్చింది. ఇరవై ఏండ్లకు పైగా 5 కోట్ల 37 లక్షల డాలర్లు తిన్నది. ఆ పైసలతోని నాలుగు వందలకు పైగా గుర్రాలు పెంచింది. పట్నంల రోడ్ల రిపేరుకు మాత్రం పైసలు లేవు అనేది.

ఏటా ఆడిట్ అయింది. ఏటా అన్నీ సక్కగున్నయనే రిపోర్ట్ వచ్చింది. 2011ల ఆమె సెలవు మీద పోయినప్పుడు, ఆఫీసుల క్లర్క్ ఒకామె బ్యాంకుకు ఫోన్ చేసి పట్నం పేరు మీద ఉన్న అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు పంపుమన్నది. ఎవరికీ తెల్వని ఖాతా ఒకటి అందుల వచ్చింది. ఆమె ఆ కాయితం మేయర్ చేతిల పెట్టింది. 2013 ఫిబ్రవరిల క్రండ్‌వెల్‌కు 19 ఏండ్ల 7 నెలల జైలు పడ్డది. పట్నం ఆడిట్ సంస్థ మీద, బ్యాంకు మీద దావా వేస్తే, వాళ్ళంత కలిసి సుమారు 4 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నరు. అందుల 3 కోట్ల 50 లక్షల దాక కట్టింది క్లిఫ్టన్‌లార్సన్‌అలెన్ అనే ఆడిట్ సంస్థనే.

ఇరవై ఏండ్ల మోసాన్ని పట్టుకున్నది పెద్ద కంపెనీ కాదు. "అన్ని స్టేట్‌మెంట్లు పంపండి" అన్న ఒక క్లర్క్.

పిడికెడు వడ్లు

ఇది ఎట్ల జరుగుతది? మన ఐకేపీ సెంటర్ యాది చేసుకోండి. వడ్ల కుప్పల నుంచి పిడికెడు తీసి తేమ మిషన్‌ల పోస్తరు. 17 లోపల వస్తే పాస్. కుప్ప మొత్తం ఎవ్వరూ చూడరు, చూసుడు సాధ్యం కాదు. పిడికెడు పైన ఎండిన కాడ తీస్తే ఒక తీరు, లోపల తడిల చెయ్యి పెట్టి తీస్తే ఒక తీరు. ఆడిట్ కూడ అంతే. వేల ఓచర్లల్ల కొన్నింటినే తీసి చూస్తరు. ఏది తీయాలె అనేది లోపల తడి ఎక్కడున్నదో తెలిసినోడు చెప్తేనే పని అయితది. మా వాడ బోరు ఎండిందని మాకు తెలుసు. ఆడిటర్‌కు చెప్పినోడు లేడు. మేము చెప్పాల్సింది అని మాకే తెల్వదు.

ఊరోళ్ళే ఆడిటర్లు అయిననాడు

అదే 2006, 2007ల నేను ఇంకో రకం ఆడిట్ కండ్లారా చూసిన. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిల ఉపాధి హామీ పథకం మొదలైంది. మొదటి విడతల దేశంల 200 జిల్లాలు. మన పాలమూరు, నల్లగొండ రెండూ అందుల ఉన్నయి. ఆ చట్టం 17వ సెక్షన్‌ల ఒక మాట ఉన్నది: పనుల సోషల్ ఆడిట్ గ్రామసభ చేయాలె. ఈ ఆలోచనకు బాట వేసింది రాజస్థాన్ కూలీలు, రైతులు. 1994ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు కరువు పనుల మస్టర్లు ఊరి నడుమ చదివి వినిపించి జన సున్‌వాయి పెట్టిన్రు. ఆ కొట్లాటలే పెరిగి 2005ల సమాచార హక్కు చట్టం అయినయి.

మన రాష్ట్రం ఈ సోషల్ ఆడిట్‌ను పట్టుదలతోని నడిపింది. 2009ల దీని కోసమే ప్రత్యేకంగ ఒక సొసైటీ పెట్టిన్రు. పద్ధతి ఇట్ల ఉండేది: కూలీల ఇండ్లల్ల చదువుకున్న పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చి, రికార్డులు చేతికి ఇచ్చి, వేరే ఊర్లకు పంపేది. వాళ్ళు మస్టర్ పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతరు. "అక్కా, నువ్వు ఫలానా వారం ఆరు రోజులు పోయినట్టున్నది, నిజమేనా? ఎంత ముట్టింది?" టేపు పట్టుకొని కట్ట మీదికి పోయి కొలుస్తరు. ఆఖరికి గ్రామసభ, తర్వాత మండలంల ప్రజావేదిక, అధికారుల ముందలనే.

మా ఊళ్ళె గ్రామసభల ఒక పిల్ల మస్టర్ చదివింది. ఒక పేరు చదవంగనే వెనకనుంచి ఒక పెద్దమనిషి లేచి, "ఆయన సచ్చి ఏడాది దాటింది, దినాలు నేనే తిన్న" అన్నడు. నవ్వినోళ్ళు నవ్విన్రు. ఇంకో పేరు చదివితే, ఆ నెల ఆ ఇల్లుకు ఇల్లు తాళం ఏసి బొంబాయి పనికి పోయిన్రని పక్కింటామె చెప్పింది. మన పాలమూరు వలస సంగతి మీకు చెప్పాల్నా? మస్టర్ కాయితంల చూస్తే ఏ తప్పూ లేదు, వేలిముద్ర కూడ ఉన్నది. ఊరి నడుమ చదివితే రెండు నిమిషాలల్ల తేలిపోయింది.

ఆ రోజు నాకు అర్థమైంది. మా బోరు బిల్లు కూడ అట్లనే ఊరి నడుమ చదివి ఉంటే, ట్యాంకర్ కాడ నిలబడ్డ అవ్వ ఒక్కతే చాలు, దాన్ని ఆపేందుకు. సోషల్ ఆడిట్‌తోని కూడ అన్నీ సక్కబడలేదు. బయటపడ్డ పైసలు అన్నీ వసూలు కాలేదు, కొన్ని ఊర్లల్ల భయపెట్టిన్రు, కొన్ని ఊర్లల్ల జనమే రాలేదు. అయినా పట్వారీ దస్త్రం రోజుల నుంచి చూస్తే, లెక్క మొదటిసారి పైకి కాకుండ కిందికి చూసింది.

ఆలస్యమైన ఆడిట్

ఇంకొక్క మాట. మా అభ్యంతరం రెండేండ్లకు వచ్చింది. అప్పటికి సెక్రటరీ మారిండు, మోటరు లేదు. ఆలస్యమైన ఆడిట్ అంటే పంట కోసినంక మందు కొట్టినట్టే. ఇది మన రోగమే అనుకోకండి. జిల్లా ఆడిటర్లను పుట్టించిన ఇంగ్లండ్‌లనే, 2015ల తమ ఆడిట్ కమిషన్‌ను మూసేసి పనంత ప్రైవేట్ సంస్థలకు ఇచ్చిన్రు. 2022-23 లెక్కల ఆడిట్ గడువు లోపల పూర్తయిన స్థానిక సంస్థలు నూటికి ఒక్కటి. అయితే అక్కడ ఒక మంచి హక్కు ఉన్నది: ఏటా 30 పనిదినాలు ఓటరు ఎవరైనా పోయి తన కౌన్సిల్ పుస్తకాలు, బిల్లులు చూడొచ్చు, ఆడిటర్‌కు నేరుగ అభ్యంతరం చెప్పొచ్చు. మనకు కూడ అసొంటి హక్కులున్నయి, వాడుకుంటలేము.

మనం చేయగలిగేది

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ ఉండాలె. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలు. గ్రామసభల మనం అడగవలసినవి నాకు తోచినయి రాస్త:

ఒకటి, జమాఖర్చు చదివి వినిపియ్యమనండి. ఆడిట్ పేరాలు కూడ చదవమనండి. ఏ పేరాకు జవాబు పోయింది, ఏది పోలేదు అని అడగండి.

రెండు, క్యాష్ బుక్కు పక్కన బ్యాంకు, ట్రెజరీ స్టేట్‌మెంట్ పెట్టమనండి. పంచాయతీ పేరు మీద ఎన్ని ఖాతాలున్నయో అడగండి. డిక్సన్ క్లర్క్ అడిగింది ఇదే.

మూడు, ఎంబీ బుక్కుల రాసిన కొలత అడిగి, టేపు పట్టుకొని సీసీ రోడ్డు, మోరీ కొలవండి. మనం పొలం గట్టు కొలుస్తం, రోడ్డు కొలవలేమా?

నాలుగు, స్టాక్ రిజిస్టర్‌ల ఎన్ని బల్బులు, స్తంభాల మీద ఎన్ని బల్బులు, లెక్కపెట్టండి. ఏ మోటరుకు రిపేరు, ఆ బోరు నడుస్తున్నదా, ఇది నా తరఫున అడగండి.

ఐదు, చూపెట్టకుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఊరి స్థాయి ఆఫీసుకు ఫీజు కూడ లేదు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె.

ఆరు, వార్డు మెంబర్లకు చేతులెత్తి చెప్తున్న: చదవకుండ సంతకం పెట్టకండి. సిగ్గుపడి ఊకుంటే నాలెక్క పదిహేను, ఇరవై ఏండ్లు ఆ సిగ్గు మోయాలె.

ఇది సర్పంచుల మీద పోస్టు అనుకోకండి. సొంత అప్పు తెచ్చి పనులు చేసి, బిల్లులు రాక వడ్డీలు కట్టుకుంట తిరిగిన సర్పంచులను మీరూ చూసిన్రు, నేనూ చూసిన. అసొంటోళ్ళకు సరైన ఎంబీ, సరైన ఓచర్, టైంకు అయిన ఆడిట్ కంటే పెద్ద సాక్ష్యం లేదు. లెక్క సక్కగుంటే దొంగ దొరుకుతడు, మంచోడు బతుకుతడు. లెక్క సక్కగ లేకుంటే ఇద్దరూ ఒక్కతీరుగనే కనపడుతరు.

నిజాం కాలంల తనిఖీ సర్కారు శిస్తు కోసం. తర్వాత ఆడిట్ సర్కారు గ్రాంటు కోసం. శాఖోళ్ళు, చార్టర్డ్ అకౌంటెంట్లు, కంప్యూటర్ అన్నీ కావాలె, వద్దనను. వాళ్ళు కాయితాన్ని కాయితంతోని సరిచూస్తరు. కాయితాన్ని బోరుతోని, రోడ్డుతోని, మనిషితోని సరిచూసుడు ఊళ్ళె ఉన్నోళ్ళకే అయితది. ఆ పని మనది.

మా వాడ అవ్వ ఇప్పుడు లేదు. ఆ బోరు గొట్టం మీద రాయి పెట్టి మూసిన్రు, పొలం పోయే తొవ్వలనే ఉంటది, రోజూ కనపడుతది.

మీ ఊళ్ళె గ్రామసభల జమాఖర్చు ఆఖరిసారి ఎప్పుడు చదివి వినిపించిన్రో యాది చేసుకొని కింద రాయండి. చదివే ఊరు ఉంటే ఎట్ల చదివిస్తున్నరో అది కూడ రాయండి, మేం కూడ నేర్చుకుంటం.

ఉంట మరి. పొద్దుగాల పత్తి చేనుకు పోవాలె.